ఆ చుక్క ఎవరిదంట

మూడో చిప్ప కూడా బురదగానే వచ్చింది. పేరమ్మ నాలుక కొసతో రుచి చూసి, పంటి కింద ఇసక కరకరమంటే ఉమ్మేసి, ఆ చిప్పెడు నీళ్ళూ గట్టు అవతల పారబోసింది. మళ్ళీ మోకాళ్ళ మీద వంగి రెండు చేతులతో అడుగున ఇసక తోడింది. చెలమ అంటే బావి కాదు. సముద్రానికి నూరు గజాల ఈవల, సరుగుడు తోపు పక్కన, ఇసకలో మోకాలి లోతున తీసుకునే గుంత. రాత్రికి పూడిపోతుంది, తెల్లారేలోగా మళ్ళీ తియ్యాలి. అప్పుడు ఊరే నీళ్ళు తియ్యగా ఉంటాయి. పొద్దెక్కి నలుగురూ తోడేసరికి అడుగు నించి ఉప్పు ఎగదన్నుతుంది. అందుకని పాళెం పెద్ద, పెద్దకాపు ముత్యాలయ్య ఇంటికి చీకటితోనే తాగేనీళ్ళు మొయ్యడానికి ఒక మనిషి కావాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషి పేరమ్మ.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఎన్నో ఆమెకూ తెలియదు. మెడ పొట్టిగా, లావుగా, మగవాడి మెడలాగా ఉంటుంది. నడినెత్తిన వెంట్రుకలు అరిగిపోయి, చుట్టకుదురు ఆనే చోట చర్మం మడమలాగా గట్టిపడింది. ఆ కుదురు పాత చీరపేలికలతో ఆమే చుట్టుకున్నది. పైన పేలిక చిరిగితే ఇంకో పేలిక చుడుతుంది, లోపలిది మాత్రం మొదటిదే.

నెల రోజులుగా ఎడమ రొమ్ము కింద ఏదో పిడికిట పట్టి పిసికినట్టు నొప్పి. కడవ ఎత్తేటప్పుడు వస్తుంది, దించినాక పోతుంది. పాళేనికి టీకాలు వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ చెవి ఆనించి విని, "బరువులు ఎత్తొద్దు, నడవొద్దు, ఈ వారంలోనే కావలి పెద్దాసుపత్రికి తీసకపోండి" అని కోడలు మస్తానమ్మతో గట్టిగా చెప్పి పోయింది. పాళెంలో ఉన్నది ఒకే బండి, కామాక్షయ్యది. అది ఎండుచేపలు వేసుకొని కావలికి పోయేది వారానికి ఒక్కరోజు. ఆ రోజు ఇవాళ. చేపల బుట్టల మధ్య అత్తకు చోటు పెట్టమని మస్తానమ్మ నాలుగు రోజుల ముందే చెప్పి పెట్టింది. పొద్దు పొడిచేసరికి పెద్దకాపు ఇంట్లో నాలుగు కడవలు పోసి బండెక్కాలి. అందుకే ఇవాళ ఇంకా ముందు లేచింది.

చేతులు పని చేస్తుంటే మనసు భయపడుతూ ఉంటుంది. అది ఆమెకు అలవాటే. కొడుకు చిన్నపోలయ్య రెండో కోడి కూయకముందే తెప్ప మీద పోయినాడు, గాలి ఇంకా లేవలేదు. మనవరాలు నిద్రలో దొర్లి పొయ్యి దగ్గరికి పోతుందేమో. తడిక గొళ్ళెం వేసినానా లేదా. సరుగుడు తోపులో నిన్న ఎవరికో పాము కనబడిందంట. ఇన్ని భయాలున్నాయి గాని, అందులో తన రొమ్ము నొప్పి ఎప్పుడూ చేరలేదు. అది మస్తానమ్మ భయం.

అప్పుడు చెలమలో నీళ్ళు తెల్లబడ్డాయి.

వెనక ఎవరో దివిటీ పట్టుకొని నిలబడినారనుకుంది. తల తిప్పేలోగా కడవ నీడ, తన నీడ, చెట్ల నీడలు అన్నీ ఇసక మీద గిర్రున తిరిగాయి. పడమట నించి తాటికాయంత నిప్పు వస్తోంది. ముందు పచ్చగా ఉండి, తర్వాత కంటితో చూడలేనంత తెల్లగా మారి, వెనక ఎర్రటి రవ్వలు రాలుస్తూ పోతోంది. చప్పుడు లేదు. ఇసకలో ఎండ్రకాయల బొరియలు ఒక్కొక్కటీ కనిపించినాయి. పాళెంలో పాకల కప్పులు కనిపించినాయి. అది నెత్తి మీదుగా పోయి, సముద్రం మీద రెండు ముక్కలై ఆరిపోయింది. అంతకు ముందుకంటే చీకటి ఎక్కువైంది. కాసేపటికి, రాళ్ళ బండి చెక్క వంతెన మీద పోతున్నట్టు ఆకాశంలో ఏదో దొర్లింది. కుక్కలన్నీ ఒక్కసారి ఏడ్చినాయి.

ఆమె చూసింది చుక్కను కాదు, అది పడిన దిక్కును. తెప్పలు పోయింది అటే.

"అబ్బయ్యా" అంది, ఎవరికీ వినపడనంత చిన్నగా.

కడవ ఎత్తుకొని పాళెంలోకి వచ్చేసరికి మగా ఆడా పిల్లా జెల్లా అందరూ బయటే ఉన్నారు. ప్రతి మనిషికీ పైన ఒక చుక్క ఉంటుందని, మనిషి పోయే రోజున అది తెగుతుందని ఆ పాళెంలో పసిపిల్లలకు కూడా తెలుసు. మనిషి ఎంతో చుక్కా అంతే. పట్టపగలు చేసి పోయిన చుక్క ఎవరిదై ఉంటుందనే ఇప్పుడు పంచాయితీ.

"ఢిల్లీలో పెద్దోళ్ళెవరన్నా పోతారేమో" అన్నాడొకడు.

"ఢిల్లీ వాళ్ళ చుక్కకు మన పాళెం మీదుగా ఏం పని? దానికి దోవ తెలీదా?"

"అయితే మదరాసు వాళ్ళది."

"మదరాసు ఆ పక్క. ఇది పడింది ఈ పక్క."

పాళెంలో పెంకుటిల్లు ఒకటే. అందరి తలకాయలూ అటు తిరిగినాయి. పెద్దకాపు మూడు రోజులుగా చలిజ్వరంతో మంచంలో ఉన్నాడు.

ముత్యాలయ్య భార్య పెంచలమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆమె ఏడవలేదు. ఆమెకు వేరే దిగులుంది. పదేళ్ళ కింద ఆమె మామ మిట్టమధ్యాహ్నం పోయినాడు. అప్పటికి చెలమలన్నీ ఉప్పెక్కి ఉన్నాయి. పెద్దకాపు శవానికి నలభై కడవల తీపినీళ్ళు పొయ్యాలి. ఆ రోజు పోసినవి ఉప్పునీళ్ళు. ఆ మాట పది పాళేల్లో పాకింది. చేపల రేవులో ఎవరితో మాటామాటా పెరిగినా, "మామకు తీపినీళ్ళు పొయ్యలేనోళ్ళు" అనేవాళ్ళు. ఈసారి ఆ మాట పడకూడదు.

"పేరమ్మా, వచ్చినావా. పొద్దెక్కకముందే మొదలుపెట్టు. దక్షిణపు గోడ పక్కన కాగులు, బానలు అన్నీ కడిగి పెట్టిస్తాను. నలభై" అంది.

బతికున్న మనిషికి శవం నీళ్ళు. మంచంలో ఆయన దగ్గుతుండగానే. ఇది తప్పని చెప్పడానికి ఆ పాళెంలో ఒక్క మగవాడికీ నోరు రాలేదు. పైపెచ్చు పెద్దలు నలుగురూ కూర్చొని దురాయి వేసినారు. దురాయి పడిందంటే అది అందరికీ కట్టు. ఇవాళ ఇంకో తెప్ప నీళ్ళలోకి దిగకూడదు, మనిషి పాళెం దాటకూడదు, బండి కదలకూడదు. పెద్దకాపును కావలికి ఎక్కించాల్సి వచ్చినా రావచ్చు, ఆయన కూతుళ్ళను తీసుకురావడానికి పంపాల్సి వచ్చినా రావచ్చు.

మస్తానమ్మ చంకన బిడ్డను వేసుకొని, చద్ది మూట పట్టుకొని, కామాక్షయ్య బండి దగ్గరికి పోయేసరికి ఎద్దులు విప్పి ఉన్నాయి.

"ఎందుకు విప్పినావు మామా?"

"దురాయి పడింది పాపా. కదిలేదానికి లేదు."

"పెద్దకాపు ఎక్కుతాడా బండి?"

"నాకేం తెలుసు. ఎక్కితే ఉండాలన్నారు."

"ఎక్కకపోతే?"

"ఎక్కకపోయినా ఉండాల."

"చుక్క ఆయనదైతే, రోగం మా అత్తది కాకుండా పోతుందా? నర్సమ్మ ఈ వారమే అన్నది. ఇంకో వారం అనలేదు."

కామాక్షయ్య ఎద్దు మెడ నిమురుతూ, "నీ నోటితో మీ అత్త ఇన్నాళ్ళు ఎట్టా వేగిందో" అన్నాడు.

"నా నోటి వల్లనే బతికుండాది. నేనూ గమ్మునుంటే పోయిన నెలలోనే పోయుండేది."

పేరమ్మ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "వచ్చే వారం పోదాంలే మే. పెద్ద చావు ముందర బెట్టుకొని నా నొప్పి ఎవరికి కావాల?"

"చావు యాడుంది అత్తా? ఆయన గంజి అడుగుతా ఉండాడంట."

"గమ్మునుండు. వింటారు."

"విననీ. అయితే ఆ కడవ ఇట్టా ఇయ్యి, నేను మోస్తా."

పేరమ్మ ముఖం మారిపోయింది. కడవను వెనక్కి లాక్కుంది. "ముట్టబాక. అవి చావు నీళ్ళు. నీ మొగుడు నీటి మీద ఉండాడు."

అదీ సంగతి. తెప్పలు నీటి మీద ఉన్నంతసేపూ చావు నీళ్ళు ముత్తైదువలు ముట్టకూడదు. అందుకే పాళెంలో ఇంతమంది ఆడవాళ్ళుండి, బలమైన చేతులుండి, గడపల్లో నిలబడి చూసినారే గాని ఒక్కరూ కడవ అందుకోలేదు. మొగుడు పోయినవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. ఒకామెకు చూపు లేదు, ఒకామె బిడ్డకు పాలిచ్చే మనిషి, ఒకామె అసలు లేవలేదు. మగవాళ్ళు నీళ్ళు మొయ్యరు. అది దురాయి కూడా కాదు, ఊరికే మొయ్యరు. మిగిలింది పేరమ్మ. దేవుడు కూడా అడ్డం చెప్పలేనట్టు ఆ లెక్క అంత బాగా కుదిరింది.

ఆమె మోసింది. మొదట నెత్తిన ఒకటి, చంకన ఒకటి. పదో కడవకు ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి, చంకన పెట్టడం మానేసింది. చెలమ దగ్గర కూర్చొని చిప్పతో తోడడం, కడవ నోటికి గుడ్డ వేసి వడపోయడం, లేవడం, రెండు వందల అడుగులు నడవడం, కాగులో పొయ్యడం. మధ్యలో ఒకచోట, విరిగిన తెప్ప దుంగ మీద, కడవ దించి కాసేపు నిలబడేది. అప్పుడు సముద్రం వైపు చూసేది.

ఇరవై రెండేళ్ళ కింద తుఫానులో ఆమె మొగుడు పోలయ్య ఆ సముద్రం మీదే పోయినాడు. తెప్ప దుంగ ఒకటి కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. శవం లేనిదానికి స్నానం ఏంది అని ఊరికే పసుపు బొమ్మ చేసి, దాని మీద ఒక చెంబుడు నీళ్ళు పోసినారు. ఆ చెంబుడు కూడా పెంచలమ్మ ఇంటి నించి వచ్చినవే. ఆ తర్వాత వారమే, "బిడ్డతో ఎట్టా బతుకుతావు, మా ఇంటికి నీళ్ళు పొయ్యి" అని పెంచలమ్మే పిలిచింది. పేరమ్మ దాన్ని మరిచిపోలేదు. చనిపోయిన మనిషి ఒంటి మీద తీపినీళ్ళు పడడమంటే ఆమెకు అంత పెద్ద సంగతి. పెద్దకాపుకైనా ఉప్పునీళ్ళు పొయ్యాల్సి రావడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని ఉప్పు తగిలిన ప్రతిసారీ ఆ చెలమ వదిలేసి ఇంకోటి తవ్వింది. మూడు చెలమలు తవ్వింది ఆ పొద్దు. ఉప్పుదో తీపిదో పెంచలమ్మ రుచి చూడబోయిందా? శవం చూడబోతుందా? అయినా తవ్వింది.

ఇరవై ఏడో కడవ పోస్తుంటే కిటికీ లోంచి ముత్యాలయ్య పిలిచినాడు. ఆయన పెద్ద శరీరం మంచం నులకలోకి దిగబడి ఉంది. గడ్డం పెరిగింది. కళ్ళు మాత్రం బాగానే తిరుగుతున్నాయి.

"ఏందా చప్పుడు? పొద్దున్నించి బడబడ పోస్తానే ఉండావు."

"గొడ్లకు అన్నా."

"నాకుండేది రెండు గొడ్లు." ఆయన కాసేపు పైకప్పు చూసినాడు. "పేరమ్మా, నువ్వు చూసినావంట గదా. ఇంట్లోవాళ్ళు నాకు సరిగ్గా చెప్పడం లేదు. ఎంతుండింది ఆ చుక్క?"

ఆమె కిటికీ ఊచ పట్టుకొని నిలబడింది. ఊపిరి అందడానికి కొంచెం సేపు పట్టింది. ముసలాయన కళ్ళలో భయం చూసింది. భయం అంటే ఆమెకు బాగా తెలుసు, ఎవరి కళ్ళలో ఉన్నా గుర్తుపడుతుంది.

"ఎంతన్నా. మిణుగురంత. రవ్వంత పురుగు ఎగిరినట్టు పోయింది. నిద్రమొగాలతో చూసి వీళ్ళు ఇంత చేసినారు."

"నిజంగానే?"

"నా కొడుకు మీద ఒట్టు" అనబోయి ఆగింది. కొడుకు నీటి మీద ఉన్నాడు. "నేనే గదన్నా చెలమ కాడ ఉండింది. నాకంటే బాగా ఎవరు చూసినారు?"

ఆయన పెద్దగా ఊపిరి వదిలినాడు. పక్కకు తిరిగి, "పెంచలా, గంజిలోకి రవ్వంత ఎండుచేప కాల్చి పెట్టు" అని కేకేసినాడు. ఆ కేక వాకిట్లోకి కూడా వినబడింది. ఆయనకు ఆ మధ్యాహ్నమే చెమట పట్టి జ్వరం దిగింది.

అప్పుడైనా, ఇంక చాల్లే ఆపు అని ఎవరన్నా చెప్పొచ్చు. ఎవరు చెప్తారు? ఆపమంటే, ఎందుకు మోయించినట్టు అనే మాట వస్తుంది. జ్వరం మళ్ళీ రావచ్చు, చుక్క అబద్ధం కాదు గదా అన్నారు. బండి అట్లాగే ఉంది. ఎద్దులు ఆ పొద్దంతా నీడన గడ్డి నములుతూ పడుకున్నాయి.

పొద్దు వాలినాక తెప్పలు ఒడ్డుకు వచ్చినాయి. చిన్నపోలయ్య దుంగలు లాగుతూ, గట్టు మీద నిలబడిన తల్లిని చూసి నవ్వినాడు.

"చూసినావా మా? మా నెత్తి మీదనే తెగింది. సముద్రంలో అడుగు దాకా కనబడింది."

పేరమ్మ తడిచేత్తో వాడి ముఖం, భుజాలు, చేతులు తడిమింది, లెక్క సరిపోయిందో లేదో చూసుకున్నట్టు. "దెబ్బలేం తగల్లేదు గదా?"

"చుక్క తగిలితే ఇక్కడుంటానా? నువ్వేంది ఇట్టా నల్లబడినావు? కావలికి పోలేదా?"

"రేపు పోతాలే. పెద్దకాపుకని చావు నీళ్ళు మోస్తా ఉండా, ఇంక మూడు కడవలే."

"నేనొచ్చేసినాను గదా, మస్తానమ్మకియ్యి."

"మూడే గదరా. నువ్వు అన్నం తిను పో."

ఆ మూడూ మోసింది. నలభయ్యోది కాగులో పోసి, దక్షిణపు గోడకు ఆనుకొని కూర్చుంది. నెత్తి మీది కుదురు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అటుగా పోతున్న దూడ ఆమె చెయ్యి నాకింది. ఆమె అదిలించలేదు.

దీపాలు పెట్టేవేళకు పెద్దకాపు వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. గంజి తాగినాడు. వాకిట్లో నలుగురు చేరి నవ్వుతున్నారు. అప్పుడు పెంచలమ్మకు ఆ నీళ్ళు గుర్తొచ్చినాయి. దక్షిణపు గోడ పక్కన వరసగా నలభై కడవల చావు నీళ్ళు. బతికున్న మనిషి ఇంట్లో అవి ఉండకూడదు. ఇంట్లోకి తెచ్చి వాడకూడదు. ఇసకలో పారబోస్తే చెలమలు ఉప్పెక్కుతాయంటారు. తోడినాక ఆ నీళ్ళు శవానికే పోవాలి.

ఆమె గబగబా గోడ దగ్గరికి పోయింది. "మే పేరమ్మా, ఈ నీళ్ళేం చేసేదే ఇప్పుడు?"

పేరమ్మ పలకలేదు.

"మే, నిన్నే. నిద్రపోతావుండావా?"

భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

మస్తానమ్మ పరుగున వచ్చేసరికి కామాక్షయ్య ఎవరూ చెప్పకుండానే ఎద్దుల్ని కట్టి బండి వాకిలి ముందుకు తెచ్చి నిలబెట్టినాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "బండి సిద్ధంగా ఉండాది పాపా" అన్నాడు.

"యాడికి మామా?" అంది మస్తానమ్మ.

ఆయన తల వంచుకొని మళ్ళీ ఎద్దులు విప్పినాడు.

పెద్దలు నలుగురూ ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. నీళ్ళెట్టాగూ ఉన్నాయి, వాడకూడనివి. ఆమెకే పొయ్యండి అన్నారు. పెంచలమ్మ మొహంలో ఎంతో భారం దిగిపోయింది. ఆమె పసుపు కూడా తెప్పించింది. "నీళ్ళు మోసేదానికి పెద్దకాపు నీళ్ళు, నలభై కడవలు. ఎంత పెట్టి పుట్టింది" అని ఒకామె ముక్కు మీద వేలేసుకుంది. ఎవరి నీళ్ళు, ఎవరు పెట్టింది అని ఆమె నోటి మీద కొట్టేవాళ్ళు అక్కడ లేకపోయినారు.

మస్తానమ్మ ఒక్కతే పోసింది. ఎవరు చెంబు అందుకోబోయినా ఇవ్వలేదు. మొగుడు ఒడ్డుకు వచ్చినాడు గనక ఇప్పుడామె ముట్టవచ్చు. చిన్నపోలయ్య తల్లి తలను రెండు చేతుల్తో పట్టుకొని కూర్చున్నాడు. కళ్ళు మూసుకొని ఉన్నాడు. అన్ని కాగులూ ఖాళీ అయినాక ఆమె చెంబు కింద పెట్టి, వసారాలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది.

"చుక్క ఎవరిదో తెలిసింది గదా మీకు."

పెద్దల్లో ఒకాయన చుట్ట తీసి పక్కన పెట్టినాడు. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లిగా చెప్పినాడు. "దుఃఖంలో ఉండావు పాపా. నీళ్ళు మోసే మనిషికి అంత చుక్క ఉంటుందా? ఆమెది ఏదన్నా చిన్నది, ఎప్పుడో మనం చూడకుండా తెగుంటుంది. మీ అత్తే గదా పెద్దకాపుతో చెప్పింది, మిణుగురంత అని."

పెద్దకాపు నేల చూసినాడు. ఒక్క మాట అనుంటే సరిపోయేది.

తెల్లవారి దురాయి ఎత్తేసినారు. చుక్క ఎవరిదో తేలలేదు గనక, పంచాయితీ రేడియోలో ఎవరు పోయినారని చెప్తారో విని రమ్మని బోగోలుకు ఇద్దరు మనుషుల్ని పంపించినారు. పోయేది ఎట్టాగూ కామాక్షయ్య బండి మీదే. చేపల బుట్టలు సర్దుతూ, వాటి మధ్య పేరమ్మ కోసం వదిలి పెట్టిన చోటులో వాళ్ళను కూర్చోమన్నాడు.

పెద్దకాపు ఇంట్లో కాగులన్నీ బోర్లించి ఎండబెట్టినారు. వాటి పక్కన గోడ వారగా చుట్టకుదురు పడి ఉంది. అది ఎవరూ తియ్యలేదు. ఎండకు ఆరి బిగుసుకుపోయింది. ఇరవై రెండేళ్ళు తీపినీళ్ళే మోసిన ఆ పేలికల మీద, నెత్తి ఆనిన చోట, గుండ్రంగా తెల్లటి ఉప్పు చార.